'రెయిడ్ ఉందిగా!' అనే మూఢనమ్మకం

సర్వర్ కొనేటప్పుడు డేటా భద్రత సంగతేమిటని అడిగితే వెండర్ చెప్పే జవాబు ఒక్కటే: "రెయిడ్ ఉంది కదండీ!" ఆడిటర్ అడిగినా అదే జవాబు, యాజమాన్యం అడిగినా అదే. ఆసుపత్రిలో స్కాన్లు దాచే సర్వర్ దగ్గర్నుంచి సహకార సంఘం ఖాతాల సర్వర్ దాకా, 'డిస్క్ లోపాల నుంచి రక్షణ' అన్న గడిలో 'రెయిడ్ 5' అనో 'రెయిడ్ 6' అనో రాసి టిక్కు పెట్టేస్తారు. అక్కడితో ఆ చర్చ ముగిసిపోతుంది. ఆ టిక్కుకు ఆధారం లేదన్నదే నా వాదన. రెయిడ్ పనికిమాలినదని నేననడం లేదు. అది చేసే పని చిన్నది, దాని పేరు చెప్పి మనం పెంచుకున్న ధీమా చాలా పెద్దది.

ఎదుటి పక్షం వాదనను ముందు వాళ్ళు చెప్పుకునేంత బలంగానే చెబుతాను. తిరిగే యంత్రం ఏదైనా ఎప్పుడో ఒకప్పుడు ఆగిపోతుంది, డిస్కూ అంతే. 1988లో బర్కిలీ పరిశోధకులు డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ ఒక పత్రంలో దీనికి ఉపాయం చెప్పారు. ఖరీదైన పెద్ద డిస్కుకు బదులు చవక డిస్కులను కొన్నిటిని కలిపి వాడండి, వాటిలో కాస్త అదనపు సమాచారం (పారిటీ) దాచండి, ఒకటి పోతే మిగతావాటి నుంచి లెక్కగట్టి పోయినదాన్ని రాబట్టుకోండి అన్నారు. ఆ ఉపాయం నిజంగానే పనిచేస్తుంది. పోయిన డిస్కును ఊడదీసి కొత్తది గుచ్చితే చాలు, సర్వర్ ఆపనక్కర్లేదు. రెయిడ్ 6 అయితే రెండు డిస్కులు పోయినా తట్టుకుంటుంది. పైగా డిస్కులోపలే తప్పులు పట్టే ఈసీసీ ఉంది. ముందస్తు హెచ్చరికలకు స్మార్ట్ ఉంది. అర్ధరాత్రి డిస్కు పోయినా దాని చోటులోకి రావడానికి హాట్ స్పేర్ సిద్ధంగా ఉంది. ఇన్ని అంచెలు ఉండగా డిస్కు లోపం వల్ల డేటా పోవడం దాదాపు అసాధ్యం అంటారు.

వినడానికి బాగానే ఉంది. కానీ ఈ అంచెల్లో ప్రతి ఒక్కటీ ఏదో ఒక ఊహ మీద నిలబడి ఉంది. ఆ ఊహలను వరసగా పరీక్షిద్దాం.

1. చెడిన డిస్కు తన సంగతి తానే చెబుతుందన్న ఊహ

రెయిడ్ లెక్క సాగాలంటే ఏ డిస్కు పోయిందో ముందు తెలియాలి. 'ఈ బ్లాకు చదవలేకపోతున్నాను' అని డిస్కు ఒప్పుకుంటే, పారిటీ నుంచి ఆ బ్లాకును తిరిగి తయారుచేయవచ్చు. మరి డిస్కు తప్పుడు బ్లాకు ఇచ్చి 'చదివేశాను, అంతా సవ్యమే' అంటే? మామూలుగా చదివేటప్పుడు రెయిడ్ 5 పారిటీ వైపు చూడనే చూడదు. వేగం తగ్గుతుంది కాబట్టి, డిస్కు ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే అప్లికేషన్ చేతిలో పెడుతుంది. మిర్రర్ కూడా అంతే, రెండు కాపీల్లో ఏదో ఒకటే చదువుతుంది. ఒకవేళ రెండూ చదివి తేడా పట్టుకున్నా ఏది నిజమో దానికి తెలియదు. ఇద్దరు సాక్షులు చెరో మాట చెప్పి, మూడో ఆధారమేదీ లేకపోతే న్యాయమూర్తి పరిస్థితి ఎలా ఉంటుందో దానిదీ అలాగే ఉంటుంది.

'ఈసీసీ ఉండగా డిస్కు తప్పుడు బ్లాకు ఎలా ఇస్తుంది?' అని అడుగుతారు. ఈసీసీ ఏం సరిచూస్తుందో తెలిస్తే ఈ ప్రశ్న రాదు. ఆ సెక్టార్‌లో చివరిసారి రాసినది చెక్కుచెదరకుండా ఉందా అన్నంతవరకే అది చూస్తుంది. అక్కడ ఉండాల్సింది అదేనా అన్నది దాని పరిధిలో లేదు. ఫర్మ్‌వేర్ లోపం వల్ల డిస్కు 'రాశాను' అని చెప్పి అసలు రాయకుండా వదిలేసిందనుకోండి. ఆ సెక్టార్‌లో నిన్నటి డేటా ఉంటుంది, దాని ఈసీసీ కూడా సరిగ్గా సరిపోతుంది. ఒకచోట రాయాల్సింది మరోచోట రాస్తే రెండు చోట్ల డేటా తప్పుతుంది, రెండు చోట్లా ఈసీసీ మాత్రం బాగున్నట్టే చూపిస్తుంది. కంట్రోలర్ మెమరీలోనే బిట్ తారుమారైతే చెడిపోయిన డేటాకే నిక్షేపంగా పారిటీ కట్టి దాచిపెడుతుంది.

ఇవన్నీ పుస్తకాల్లో కల్పించుకున్న భయాలు కావు. విస్కాన్సిన్, టొరంటో విశ్వవిద్యాలయాలు, నెట్‌యాప్ సంస్థ పరిశోధకులు కలిసి 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. దాదాపు 15.3 లక్షల డిస్కులను 41 నెలలు గమనిస్తే, చెక్‌సమ్ (డేటా నుంచి లెక్కగట్టి దాచే సరిచూపు సంఖ్య) సరిపోని సందర్భాలు 4 లక్షలకు పైగా బయటపడ్డాయి. అవి బయటపడ్డాయంటే ఆ యంత్రాలు రెయిడ్‌తో సరిపెట్టుకోకుండా ప్రతి బ్లాకుకూ విడిగా చెక్‌సమ్ దాచుకున్నాయి కాబట్టే. అవే తప్పులు మామూలు రెయిడ్ పెట్టెలో జరిగి ఉంటే చాలావరకు ఎవరి కంటా పడేవి కావు. ఐరోపా అణు పరిశోధన సంస్థ సెర్న్ కూడా 2007లో తెలిసిన నమూనాను డిస్కుల మీద రాసి, తిరిగి చదివి పోల్చి చూసుకుంది. ఏ ఎర్రర్ సందేశమూ రాకుండానే డేటా మారిపోయిన సందర్భాలు దానికీ కనబడ్డాయి. వాటిలో పెద్ద భాగానికి కారణం, డిస్కుల ఫర్మ్‌వేర్‌కూ రెయిడ్ కంట్రోలర్‌కూ మధ్య పొసగకపోవడమే.

2. పచ్చ లైటు వెలుగుతోంది కాబట్టి అంతా బాగుందన్న ఊహ

సర్వర్ ముందు వరసగా ఎనిమిది పచ్చ లైట్లు. వాటి అర్థం ఏమిటి? అడిగిన సెక్టార్లను ఈ డిస్కులు ఇస్తున్నాయి, అంతే. అడగని సెక్టార్ల సంగతి ఆ లైటుకు తెలియదు. ఐదేళ్ళ కిందటి బిల్లులు, పాత ఎక్స్‌రేలు, మూసేసిన ఖాతాలు ఏళ్ళ తరబడి ఎవరూ చదవరు. అక్కడ ఒక సెక్టార్ చదవడానికి రాకుండా పోతే ఆ రోజు ఏ గొడవా ఉండదు.

సరిగ్గా ఈ నిద్రాణ లోపాల మీదే 2007లో మరో అధ్యయనం వచ్చింది. అందులోనూ సుమారు 15.3 లక్షల డిస్కులే. 32 నెలల్లో 3.45 శాతం డిస్కుల్లో ఇలాంటి చదవరాని సెక్టార్లు కనబడ్డాయి. వాటిలో 60 శాతానికి పైగా వినియోగదారుడు చదివినప్పుడు బయటపడినవి కావు. యంత్రం తనంతట తాను డిస్కు మొత్తాన్ని చదివి చూసే 'స్క్రబ్' పట్టుకున్నవి.

ఆ స్క్రబ్ పెట్టుకోని సర్వర్‌లో ఇవి ఎప్పుడు బయటపడతాయి? మరో డిస్కు పోయిన రోజు. అప్పుడు రీబిల్డ్ మొదలవుతుంది, మిగిలిన డిస్కుల్లో ప్రతి సెక్టారూ చదవాల్సి వస్తుంది. రెయిడ్ 5లో ఆ సమయానికి అదనపు కాపీ అంటూ ఏమీ మిగల్లేదు. చదవరాని సెక్టార్ తగిలితే ఆ భాగం పోయినట్టే, కొన్ని కంట్రోలర్లు రీబిల్డ్‌నే మధ్యలో వదిలేస్తాయి. 2008 అధ్యయనంలో చెక్‌సమ్ తప్పులు 8 శాతం సరిగ్గా రీబిల్డ్ సమయంలోనే పట్టుబడ్డాయి. ఏళ్ళ తరబడి చేయని పరీక్షను, తప్పితే దారి లేని రోజున పెట్టుకుంటున్నామన్నమాట.

ఇక్కడ నా పక్షం వాళ్ళు వాడే ఒక తప్పుడు లెక్కను కూడా కొట్టిపారేయాలి. మామూలు డిస్కుల డేటాషీట్‌లో 'వంద లక్షల కోట్ల బిట్లు చదివితే గరిష్ఠంగా ఒక లోపం' అని ఉంటుంది. అంటే 12.5 టెరాబైట్లు. కాబట్టి అంతకు మించిన అర్రేలో (కలిపి వాడే డిస్కుల గుంపులో) రీబిల్డ్ విఫలమై తీరుతుందని 2007 నుంచీ ప్రచారం చేస్తున్నారు. అదే నిజమైతే నెలనెలా వంద టెరాబైట్లు స్క్రబ్ చేసే అర్రేలో ప్రతిసారీ ఎనిమిది లోపాలు కనబడాలి. అలా కనబడవు. ఆ అంకె తయారీదారు దాటనని చెప్పిన హద్దు మాత్రమే, నిజంగా జరిగేదాని సగటు కాదు. పైగా లోపాలు డిస్కులన్నిటికీ సమానంగా పంచినట్టు ఉండవు, కొన్ని డిస్కుల్లోనే గుంపుగా పుడతాయి. రెయిడ్‌ను విమర్శించడానికి ఈ బూచి అక్కర్లేదు. నిజాలే చాలు.

3. రెండు డిస్కులు ఒకేసారి పోవన్న ఊహ

డిస్కులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా చెడిపోతాయన్న లెక్క మీదే రెయిడ్ సిద్ధాంతం మొదలైంది. ఆ పత్రం రాసిన ముగ్గురిలో ఒకరైన గార్త్ గిబ్సనే, బియాంకా ష్రోడర్‌తో కలిసి 2007లో దాదాపు లక్ష డిస్కుల రికార్డులు తిరగేశారు. డేటాషీట్లు పది లక్షల నుంచి పదిహేను లక్షల గంటల ఆయుష్షు చెబుతాయి. పది లక్షల గంటలంటే 114 ఏళ్ళు! ఆ లెక్కన ఏడాదికి నూటికి ఒక డిస్కు కూడా పోకూడదు, గరిష్ఠంగా 0.88 శాతం. వాస్తవంలో 2 నుంచి 4 శాతం మార్చడం మామూలు, కొన్నిచోట్ల అది 13 శాతం దాకా పోయింది. అంతకంటే ముఖ్యమైన సంగతి, డిస్కులు పోవడం ఒకదానికొకటి సంబంధం లేని ఘటన కాదని తేలింది. ఒకటి పోయిన కొద్దికాలంలోనే మరోటి పోయే అవకాశం ఎక్కువ.

ఇందులో వింతేముంది? మీ సర్వర్ ఇన్‌వాయిస్ తీసి చూడండి. ఎనిమిది డిస్కుల సీరియల్ నంబర్లు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. ఒకే ఫ్యాక్టరీ, ఒకే బ్యాచ్, ఒకే ఫర్మ్‌వేర్. ఒకే పెట్టెలో ఒకే వేడి, ఒకే అదురు, ఒకే కరెంటు. అన్నిటికీ ఒకే రోజు స్విచ్ వేశారు. వాటిని పట్టుకుని సంబంధం లేని డిస్కులంటే నమ్మడమెలా?

'ఎస్‌ఎస్‌డిలు వచ్చాయి, తిరిగే భాగాలే లేవు' అనేవాళ్ళకు 2019 నవంబరు గుర్తుచేయాలి. కొన్ని శాస్ ఎస్‌ఎస్‌డి మోడళ్ళు 32,768 గంటలు నడిచాక, అంటే 3 ఏళ్ళ 270 రోజుల 8 గంటలకు పనిచేయకుండా పోతాయనీ, ఫర్మ్‌వేర్ మార్చుకోకపోతే డిస్కూ, డేటా రెండూ తిరిగి రావనీ హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ తన ఖాతాదారులకు హెచ్చరిక పంపింది. 2020 మార్చిలో మరికొన్ని మోడళ్ళకు 40,000 గంటల గడువుతో ఇంకో హెచ్చరిక వచ్చింది. 32,768 అంటే రెండును పదిహేనుసార్లు హెచ్చించగా వచ్చే సంఖ్య. గంటలు లెక్కపెట్టే గడి నిండిపోయే చోటు అదేనని ప్రోగ్రామర్లు ఎవరైనా చూడగానే అనుకుంటారు. ఒకే రోజు స్విచ్ వేసిన ఎస్‌ఎస్‌డిలన్నీ ఇంచుమించు ఒకే సమయానికి కన్నుమూస్తే, రెండు పారిటీలు ఉన్న రెయిడ్ 6 మాత్రం ఎవరి నుంచి ఎవరిని బతికిస్తుంది?

4. రీబిల్డ్ తనంతట తానే అయిపోతుందన్న ఊహ

లెక్క వేసి చూడండి. 16 టెరాబైట్ల డిస్కును సెకనుకు 200 మెగాబైట్ల వేగంతో ఆపకుండా రాస్తే 80,000 సెకన్లు పడుతుంది. అంటే 22 గంటలకు పైనే. అదీ సర్వర్ మీద ఇంకే పనీ లేనప్పుడు. పగలంతా జనం వాడుతూ ఉంటే అది రోజుల మీదికి పోతుంది. ఎనిమిది డిస్కుల అర్రేలో ఆ కాలమంతా మిగతా ఏడు డిస్కులూ 112 టెరాబైట్లు చదువుతూ ఊపిరి సలపకుండా ఉంటాయి. పోయిన డిస్కుతో కలిసి పుట్టి, కలిసి పెరిగిన డిస్కులవి.

ఖర్చు కలిసొస్తుందని డెస్క్‌టాప్ డిస్కులు వేసిన చోట మరో చిక్కు. చదవరాని సెక్టార్ తగిలితే డెస్క్‌టాప్ డిస్కు ఒక్కోసారి నిమిషం దాటినా ప్రయత్నం మానదు. దాని వెనక వేరే కాపీ ఉందని దానికి తెలియదు కదా. లైనక్స్ సాధారణంగా 30 సెకన్లే ఆగుతుంది, చాలా కంట్రోలర్లు అంతకన్నా తక్కువే. ఆ గడువు దాటితే డిస్కు మొత్తం పోయిందని తేల్చి అర్రే నుంచి గెంటేస్తాయి. ఒక్క సెక్టార్ లోపం అలా మొత్తం డిస్కు లోపమైపోతుంది. రెయిడ్ కోసం చేసిన డిస్కులు 7 సెకన్లలో చేతులెత్తేసి తప్పు ఒప్పుకుంటాయి, అప్పుడు పారిటీ నుంచి ఆ ఒక్క సెక్టార్ బాగుపడుతుంది. కొన్ని డిస్కుల్లో ఈ గడువును మనమే మార్చుకోవచ్చు. అసలు అలాంటి గడువు ఒకటుందని ఎన్ని సర్వర్ గదుల్లో తెలుసు?

డబ్బా మీద రాసింది చూసి కొన్నా పూర్తి భరోసా లేదు. వెస్టర్న్ డిజిటల్ తన నాస్ డిస్కుల శ్రేణిలో కొన్నిటిని, ట్రాకులను ఒకదాని అంచు మీదికి మరొకటి ఎక్కించి రాసే ఎస్‌ఎంఆర్ పద్ధతిలో తయారుచేసినట్టు 2020 ఏప్రిల్‌లో గానీ ఒప్పుకోలేదు. అలాంటి డిస్కు రీబిల్డ్‌లాంటి ఎడతెగని రాతలో చతికిలబడుతుంది.

5. స్మార్ట్ ముందే హెచ్చరిస్తుందన్న ఊహ

గూగుల్ ఇంజనీర్లు 2007లో లక్షకు పైగా డిస్కుల మీద ఈ సంగతి తేల్చారు. స్మార్ట్ హెచ్చరిక వచ్చిన డిస్కు త్వరలో పోయే అవకాశం ఎక్కువన్నది నిజమే. కానీ తిరగేసి చూడండి. పోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా, అతి బలమైన నాలుగు సూచికల్లో ఒక్కటి కూడా చూపకుండానే పోయాయి. ఉష్ణోగ్రత తప్ప మిగతా సూచికలన్నీ కలుపుకున్నా, ఏ లక్షణమూ చూపకుండా పోయినవి 36 శాతం పైనే. హెచ్చరిక వస్తే డిస్కు మార్చాల్సిందే. రాలేదు కాబట్టి డిస్కు బాగుందనడం మాత్రం చెల్లదు.

వచ్చిన హెచ్చరికనైనా ఎవరు వింటున్నారు? కంట్రోలర్ బజర్ మోగితే మొదట చేసేది మ్యూట్ నొక్కడం. హెచ్చరిక మెయిళ్ళు వెళ్ళేది ఉద్యోగం మానేసి వెళ్ళిపోయిన అడ్మిన్ ఐడీకి. నారింజ లైటు వెలుగుతున్న డిస్కుతోనే సర్వర్ నెలల తరబడి నడుస్తుంది. 'పనిచేస్తోంది కదా' అన్నదే అందరి సమాధానం. రెయిడ్ గొప్పదనమే ఇక్కడ దాని శాపం. డిస్కు పోయినా నొప్పి తెలియనివ్వదు.

6. ఖరీదైన కంట్రోలర్ అన్నీ చూసుకుంటుందన్న ఊహ

డేటా రాశాక, పారిటీ రాసేలోపు కరెంటు పోతే రెండూ పొసగవు. ఆ రోజుకు ఏమీ తెలియదు. రేపు డిస్కు పోయినప్పుడు ఆ పొసగని పారిటీ నుంచి తయారయ్యేది చెత్త. దీనికి విరుగుడుగా కంట్రోలర్ క్యాష్‌కు బ్యాటరీ పెడతారు. ఆ బ్యాటరీ కొన్నేళ్ళకు నీరసిస్తుంది. అప్పుడు కంట్రోలర్ జాగ్రత్తగా రాయడం మొదలెడుతుంది, సర్వర్ నెమ్మదిస్తుంది, ఫిర్యాదులొస్తాయి. బ్యాటరీ లేకపోయినా క్యాష్ వాడమని సెట్టింగ్ మార్చేసి 'స్పీడ్ వచ్చేసింది సార్' అని చెప్పేవాళ్ళు మన దగ్గర తక్కువేం కాదు.

'సరే, సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లో రిపేర్ నడిపితే పోదా?' అంటారు. లైనక్స్ రెయిడ్ 5లో తేడా కనబడినప్పుడు 'రిపేర్' ఏం చేస్తుంది? డిస్కుల్లో ఉన్న డేటానే సరైనదని ఎంచి పారిటీని తిరగరాస్తుంది. మిర్రర్‌లో అయితే ఒక కాపీని మరోదాని మీదికి ఎక్కిస్తుంది. తప్పు డేటాలోనే ఉంటే, నిజం చెప్పగల ఒకే ఒక్క ఆధారాన్ని అది చెరిపేస్తుంది. తప్పు రెయిడ్‌ది కాదు, పాపం. ఏది నిజమో తేల్చే సమాచారం దాని దగ్గర మొదటినుంచీ లేదు.

7. చివరికి బ్యాకప్ ఉందిలే అన్న ఊహ

చెరిపేసిన ఫైలును రెయిడ్ తిరిగి ఇవ్వదు, రాన్సమ్‌వేర్ తాళం వేసిన ఫైలుకు కూడా శ్రద్ధగా పారిటీ కడుతుంది. 2017 మేలో వానాక్రై రాన్సమ్‌వేర్ ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్ల దాకా వచ్చినప్పుడు ఏ డిస్కూ చెడలేదు. ఈ మాట ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటారు. 'అందుకే బ్యాకప్ కూడా ఉంది' అంటారు. అసలు మెలిక అక్కడే ఉంది. రెయిడ్ గుర్తించని తప్పుడు బ్లాకును బ్యాకప్ కూడా గుర్తించదు, భక్తిగా కాపీ చేస్తుంది. బ్యాకప్‌లు ముప్పై రోజులే ఉంచుకుంటారనుకుందాం. ముప్పై ఒకటో రోజున ఆఖరి మంచి కాపీ కూడా చెరిగిపోతుంది. తప్పును పసిగట్టడానికి పట్టే కాలం బ్యాకప్ దాచుకునే కాలం కంటే ఎక్కువైతే, ఎన్ని బ్యాకప్‌లున్నా అన్నిటిలోనూ ఆ తప్పే ఉంటుంది.

8. అయితే చేయాల్సిందేమిటి?

ఇంకో రెండు డిస్కులు, ఇంకో పారిటీ అని కొనుక్కుంటూ పోవడం కాదు. లోటు కాపీల్లో లేదు, సరిచూడటంలో ఉంది. డేటాకు దూరంగా, విడిగా దాచిన చెక్‌సమ్ కావాలి. జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ ప్రతి బ్లాకు చెక్‌సమ్‌నూ ఆ బ్లాకు పక్కన కాకుండా, దాన్ని చూపించే పై బ్లాకులో దాస్తుంది. అందుకే రాయకుండా వదిలేసిన రాతను కూడా పట్టుకుని, మిర్రర్‌లో ఏ కాపీ నిజమో తేల్చి, రెండోదాన్ని బాగుచేస్తుంది. లైనక్స్ రెయిడ్ వదలలేకపోతే దాని కింద డీఎం-ఇంటెగ్రిటీ పొర వేయవచ్చు. అప్పుడు తప్పుడు సెక్టార్ చదవరాని సెక్టార్‌గా మారుతుంది, దాన్ని ఎలా బాగుచేయాలో రెయిడ్‌కు తెలుసు. పెద్ద సంస్థలకు 520 బైట్ల సెక్టార్ల శాస్ డిస్కులున్నాయి, వాటిలో ఎనిమిది బైట్లు ఈ కాపలాకే.

స్క్రబ్ నెలకోసారైనా నడవాలి. డెబియన్ లైనక్స్ ప్రతి నెలా మొదటి ఆదివారం దాన్ని తనంతట తానే నడిపేలా పెట్టి ఇస్తుంది. రాత్రి సర్వర్ నెమ్మదిస్తోందని దాన్ని ఆపేసేది మనమే. డిస్కులు వేర్వేరు బ్యాచ్‌లవి అడిగి తెచ్చుకోవాలి, ఫర్మ్‌వేర్ హెచ్చరికలు చదవడం ఒకరి పేరు మీద బాధ్యతగా ఉండాలి. వేరే చోట, నెలల తరబడి నిలిచే బ్యాకప్ ఉండాలి. దాన్ని అప్పుడప్పుడూ నిజంగా రీస్టోర్ చేసి చూడాలి.

ఇదంతా ఖర్చు అంటారు. స్క్రబ్‌కు లైసెన్సు లేదు, జెడ్‌ఎఫ్‌ఎస్ ఉచితం, రీస్టోర్ చేసి చూడటానికి పట్టేది ఒక పూట. నిజంగా ఖరీదైనది ఇప్పుడున్న ధీమా. రోగి పాత స్కాన్ తెరుచుకోని రోజున, రైతు రుణ ఖాతాలో అంకె మారిన రోజున, దాని బిల్లు వెండర్ కట్టడు.

చదివి, సరిచూసి, రీస్టోర్ చేసి చూడని డేటాను భద్రంగా ఉందని చెప్పే హక్కు ఎవరికీ లేదు, డిస్కులు ఎనిమిదైనా ఎనభైయైనా. మీ సర్వర్‌లో ఆఖరి స్క్రబ్ ఏ తేదీన ముగిసింది, అందులో ఎన్ని తప్పులు బయటపడ్డాయి, ఆఖరిసారి రీస్టోర్ చేసి చూసింది ఎప్పుడు? ఈ మూడింటికీ తేదీలతో, అంకెలతో జవాబు రాకపోతే, ఈ వారంలోనే స్క్రబ్ మొదలుపెట్టండి. అయితే ముందు బ్యాకప్ తీసుకోండి.